ఎవరినీ అడక్కుండా

అమ్మడూ,

మొన్న ఫోన్లో సిగ్గుపడుతూ చెప్పావు. కూరగాయలు కొందామని బజారుకెళ్ళి, వంకాయలా బెండకాయలా తేల్చుకోలేక, గుండె దడ పుట్టి, ఖాళీ సంచీతో గదికి వచ్చేశావట. "ముప్ఫై ఏళ్ళొచ్చాయత్తా, పావుకిలో కూర కొనడం చేతకావట్లేదు. నాకేమన్నా పిచ్చెక్కుతోందా?" అన్నావు. అప్పుడు పక్కన మనుషులున్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువుకో. ఒక్క విడతలో పూర్తిచెయ్యాలన్న నియమమేమీ లేదు.

పిచ్చి కాదు తల్లీ. పదిహేనేళ్ళప్పుడు ఆశ్రమంలో అడుగుపెట్టావు. పొద్దున్న ఎన్నింటికి లేవాలో, ఏం తినాలో, ఏ రంగు చీర కట్టాలో, ఎవరితో నవ్వుతూ మాట్లాడొచ్చో, మీ నాన్నకు ఎన్నాళ్ళకోసారి ఫోన్ చెయ్యాలో అన్నీ అప్పట్నుంచి ఇంకొకరే చెప్పారు. పుత్తూరు కట్టు విప్పిన చెయ్యిని ఎప్పుడైనా చూశావా? ఎముక చక్కగా అతుక్కునే ఉంటుంది. అయినా చెయ్యి సన్నబడిపోయి, మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా వణుకుతుంది. ఇన్నాళ్ళూ దానికి పని లేదు మరి. తేల్చుకునే శక్తి కూడా అంతే. నీలో అది పోలేదు, వాడక సన్నబడింది.

ఇది నీ ఒక్కదానికే వచ్చిన జబ్బనుకోకు. కాలిఫోర్నియాలో మార్గరెట్ సింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. ఇలాంటి గుంపుల్లోంచి బయటపడ్డ యువతీయువకులను కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ళ కష్టాలన్నీ 1979లో ఒక పత్రికా వ్యాసంలో రాశారు. ఏదీ తేల్చుకోలేకపోవడం, ఒంటరితనం, ఉన్నట్టుండి మనసు ఎటో తేలిపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, వదిలొచ్చిన చోటంటే భయం, అందరూ తననే కనిపెట్టి చూస్తున్నారన్న అనుమానం. ఈ నెల్లాళ్ళుగా నువ్వు నాకు చెప్పిన బాధల్లో ఇందులో లేనిదేదైనా ఉందా? దేశం వేరు, మతం వేరు, కాలం వేరు. బాధ మాత్రం అదే. అదే అయినప్పుడు, వాళ్ళు తేరుకున్నట్టే నువ్వూ తేరుకుంటావు.

అందుకని నా మొదటి మాట. పెద్ద నిర్ణయాల జోలికి ఇప్పుడప్పుడే పోకు. చిన్నవి మాత్రం ఎవరినీ అడక్కుండా చేసెయ్యి. వంకాయలు కొను. బాగుండకపోతే రేపు బెండకాయలు కొనొచ్చు. సినిమాకెళ్ళు, నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి వచ్చెయ్యి. నీకిష్టమైన రంగేదో నీకే తెలీదన్నావు కదా, చౌకలో నాలుగు రంగుల జాకెట్ గుడ్డలు తీసుకో, ఏది పదేపదే తొడుక్కోబుద్ధవుతుందో అదే తెలుస్తుంది. ఎంపిక తప్పినందుకు ఎవరికీ సంజాయిషీ రాసివ్వాల్సిన పన్లేదిప్పుడు. నన్ను కూడా అడక్కు. "ఇడ్లీ తిననా, దోశ తిననా అత్తా" అని మెసేజి పెట్టినరోజు నేను జవాబివ్వలేదు చూడు, పనుండి కాదు, కావాలనే ఇవ్వలేదు.

రెండో సంగతి. "ఇంత తెలివున్నదాన్ని ఎలా నమ్మానత్తా" అని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. ఆ తిట్టు ఆపు. మీ తమ్ముడు చనిపోయిన ఏడాది మీ ఇల్లెలా ఉండేదో గుర్తు తెచ్చుకో. కర్మకాండలయ్యాక బంధువులు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మీ నాన్న నోరు కట్టేసుకున్నాడు. అప్పుడు రోజూ గడప తొక్కింది ఆశ్రమం వాళ్ళు. వంట చేసి పెట్టారు, మీ అమ్మ తల దువ్వారు, పిల్లవాడు గురువుగారి పాదాల దగ్గర క్షేమంగా ఉన్నాడని చెప్పారు. మునిగిపోతున్న మనిషి అందిన చెయ్యి ఎవరిదని అడుగుతుందా? అలాంటి చోటికి తెలివితక్కువవాళ్ళు వెళ్తారన్నది బయటివాళ్ళు తమకు తాము చెప్పుకునే ధైర్యం. దుఃఖంలో ఉన్నవాళ్ళు వెళ్తారు. లోకానికి మేలు చెయ్యాలన్న తపన ఉన్నవాళ్ళు వెళ్తారు. తల్లి చెయ్యి పట్టుకుని పిల్లలు వెళ్తారు.

వెళ్ళాక జరిగేది ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1950లలో హాంకాంగ్‌లో కూర్చుని, చైనా జైళ్ళలోంచీ అక్కడి విప్లవ విద్యాలయాల్లోంచీ మనసు మార్పిడికి గురై వచ్చినవాళ్ళతో మాట్లాడాడు. 1961లో వేసిన పుస్తకంలో, మనిషి మనసును గుప్పిట్లో పెట్టుకునే చోట్ల కనిపించే ఎనిమిది లక్షణాలు లెక్కకట్టాడు. అందులో కొన్ని చెబుతాను, నీకే తడుతుంది. బయటి కబురు లోపలికి రానివ్వకపోవడం ఒకటి. మీ ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టించేవారు కదా. ఎంత శుద్ధిగా ఉన్నా చాలదనడం ఇంకొకటి. మనసులో సందేహం మెదిలినా మలినమే అనేవారన్నావు. మూడోది, అందరి ముందూ తప్పులు ఒప్పుకోవడం. వారానికోరాత్రి నిలబెట్టి చెప్పించిన ఆ తప్పులనే తర్వాత నీ మీద ఎలా వాడారో నాకంటే నీకే బాగా తెలుసు. నాలుగోది, సిద్ధాంతం ముందు నీ అనుభవం చెల్లకపోవడం. నీకు టైఫాయిడ్ వస్తే అది శ్రద్ధ తగ్గడం వల్లనే అన్నారు. చివరిది, తమ గీత దాటినవాళ్ళది అసలు బతుకే కాదనడం.

ఒక విషయం గమనించు. లిఫ్టన్ చూసిన చోట దేవుడి ఊసే లేదు. యాన్యా లాలిచ్ అనే ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక విప్లవ పార్టీలో పదేళ్ళు ఇలాగే బతికి, బయటికొచ్చాక సమాజశాస్త్రవేత్త అయి, 2004లో ఈ విషయం మీదే పుస్తకం రాశారు. అక్కడా గురువు లేడు, గుడి లేదు. మనుషుల మీద అదుపు అన్నది ఏ జెండా కిందైనా ఒకేలా నడుస్తుంది. కాబట్టి నీకు జరిగినదానికి దేవుణ్ణి బోనులో నిలబెట్టాలా, వదిలెయ్యాలా అన్న విచారణ ఇవాళే పెట్టుకోనక్కర్లేదు. గుడికెళ్ళబుద్ధయితే వెళ్ళు, గంట శబ్దానికి ఒళ్ళు జలదరిస్తే బయటినుంచే వచ్చెయ్యి. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని ఆచరించే హక్కు కంటే ముందు రాసింది అంతఃకరణ స్వేచ్ఛని. నమ్మడానికీ, మానడానికీ, ఇంకా తేల్చుకోకుండా ఉండడానికీ ఆ స్వేచ్ఛలో చోటుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఈ ఉత్తరంలో ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కథ నీకు తెలుసు కానీ, ఈ వైపు నుంచి ఎప్పుడూ చూసుండవు. అడయారు సముద్రతీరంలో చిన్నవాడిగా ఉండగా దివ్యజ్ఞాన సమాజం పెద్దల కంట్లో పడ్డాడు. రాబోయే జగద్గురువు ఇతనేనన్నారు. 1911లో అతని కోసమే ఒక సంఘం పెట్టారు. దేశదేశాల్లో వేలమంది చేరారు, ఆస్తులిచ్చారు. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఒమెన్ శిబిరంలో, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ ఎదురుగా కూర్చుని ఉండగా, ఆ సంఘాన్ని తానే రద్దు చేసేశాడు. తనకు శిష్యులు అక్కర్లేదన్నాడు. విరాళంగా వచ్చిన కోటనూ భూములనూ ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇప్పించాడు. ఆ సమాజం మీ ఆశ్రమం లాంటిదని నేననడం లేదు. గురువే తలుపు తెరిచి వెళ్ళండన్నప్పుడు వెనక ఉన్నవాళ్ళకు ఏమైందో చూడమంటున్నాను.

ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికి నక్షా గీసిన లుట్యెన్స్ దొర భార్య ఎమిలీ. ఆవిడ కృష్ణమూర్తిని కన్నకొడుకులా చూసుకుంది. ఏళ్ళ తరబడి తన కాలం, శక్తి ఆ సంఘానికే ధారపోసింది. రద్దు ప్రకటన తర్వాత ఏ ఆధారమూ లేనట్టయిపోయింది. ఆ అనుభవాన్నంతా 1957లో పుస్తకంగా రాసుకుంది. ఇంకొందరు వేరే దారి పట్టారు. గురువునే కానన్న మనిషిని, ఆయన ఎంత కాదంటున్నా, బతికున్నన్నాళ్ళూ గురువుగానే కొలిచారు. 1986లో పోయేదాకా ఆయన అదే మాట చెబుతూ తిరగాల్సి వచ్చింది. చూశావా, వెళ్ళినవాళ్ళను ఎవరూ శపించలేదు, తరమలేదు, ఆస్తులు కూడా వెనక్కిచ్చారు. అయినా మిగిలిన ఆ ఖాళీని భరించడం వాళ్ళకంత కష్టమైంది.

నీలోనూ అంత ఖాళీ ఉంది. దాన్ని తొందరపడి నింపకు తల్లీ. నింపడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. "మా స్వామీజీ అలాంటివారు కాదమ్మా, ఒక్కసారి వచ్చి చూడు" అని పక్కింటావిడ పిలుస్తుంది. ప్రార్థన కూటమి వాళ్ళు పిలుస్తారు. ధ్యాన శిబిరాల వాళ్ళు, గొలుసు వ్యాపారాల వాళ్ళు కూడా పిలుస్తారు. నువ్వు నమ్మకంగా పనిచేసే మనిషివని మొహం చూడగానే తెలిసిపోతుంది వాళ్ళకు. మన బంధువులైతే సంబంధాలు తెస్తారు, "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. వద్దనను. కానీ ఏం తినాలో నీ అంతట నువ్వు తేల్చుకోవడం అలవాటయ్యాక, ఎవరితో కలిసి బతకాలో తేల్చుకోవచ్చు. ఆ వరస తిరగబడితే ఒక మాట వినే చోటినుంచి ఇంకో మాట వినే చోటికి మారినట్టే అవుతుంది.

కోపంతో నింపుకోవడం కూడా నింపుకోవడమే. కోపం న్యాయమైనదే, ఆశ్రమం నీకు చేసింది చిన్న అన్యాయం కాదు. రావలసిన చోట కోపం రాకపోతే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. రాత్రి పదింటికి ఫోన్ చేసి తిట్టాలనిపిస్తే నాకు చెయ్యి, నేనూ కలిసి తిడతాను. కానీ లేచినప్పట్నుంచి పడుకునేదాకా వాళ్ళ వీడియోలే చూస్తూ, వాళ్ళ మాటలకే మనసులో బదులు చెబుతూ కూర్చుంటే, నీ దినచర్య ఇంకా వాళ్ళే రాస్తున్నట్టు లెక్క. రోజులో కాసేపు కోపానికి ఇచ్చి, మిగతాది నీ పనికి ఉంచుకో.

ఏ చోటు మంచిదో, ఏది కాదో గుర్తుపట్టడమెలా అని అడుగుతావేమో. నేను చూసేవి మూడు. ప్రశ్న అడిగితే మొహం మాడుతుందా? డబ్బు లెక్కలు చూపిస్తారా? వదిలి వెళ్ళినవాళ్ళ గురించి ఏం మాట్లాడతారు? మూడోది ముఖ్యం. "వాళ్ళకు ఇక్కడ కుదరలేదు, వేరే దారి చూసుకున్నారు" అంటే అక్కడ కాసేపు కూర్చోవచ్చు. "వాళ్ళు నాశనమైపోయారు" అంటే చెప్పులు వేసుకుని వచ్చెయ్యాలి. భజన మండలికైనా, పార్టీకైనా, ఆఫీసుకైనా, అత్తవారింటికైనా ఇదే పరీక్ష.

నాశనం అన్నాను కాబట్టి భయం గురించి. తెల్లవారుజామున మెలకువ వచ్చి, గురువుగారి శాపం తగిలిందేమోనని ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయన్నావు. స్కూటీకి చిన్న దెబ్బ తగిలినా, జీతం రెండ్రోజులు ఆలస్యమైనా, అదిగో ఫలితం అనిపిస్తోందన్నావు. బుద్ధి నమ్మకపోయినా ఒళ్ళు నమ్ముతోంది, పదిహేనేళ్ళు నూరిపోసిన మాట కదా. ఒంటితో వాదన పనిచెయ్యదు. లైటు వెయ్యి. మొహం కడుక్కో. ఇవాళ తేదీ ఏమిటో, ఏ ఊళ్ళో ఉన్నావో, గదిలో ఏమేం ఉన్నాయో పైకి చెప్పుకో. ఎక్కడో వాళ్ళ భజన వినపడి మనసు తేలిపోయినప్పుడూ ఇదే చెయ్యి. ఇక, లోపలున్నవాళ్ళకు స్కూటీ దెబ్బలు తగలవా, జ్వరాలు రావా, జీతాలు ఆగవా? అక్కడైతే పరీక్ష అన్నారు, ఇక్కడైతే శాపం అంటున్నారు. జరిగింది రెండు చోట్లా టైరు జారడమే.

నిద్ర రెండు వారాలుగా సరిగా లేదంటే మాత్రం ఊరుకోకు. 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మంచి సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళినా మంచిదే. మొదటిరోజే అన్నీ విప్పి చెప్పేసెయ్యాలనుకోకు. ఒప్పుకోలు అలవాటైన మనిషివి, ఎదురుగా ఎవరు కూర్చున్నా తప్పులు చెప్పడం మొదలుపెడతావు. నువ్వు ఎంతవరకు చెప్పదలచుకున్నావో అంతవరకే చెప్పు. ఇష్టం లేకపోతే మనిషిని మార్చుకో. ఆ వెసులుబాటు అక్కడ నీకు ఉండేది కాదు, ఇక్కడ ఉంది.

పోయిన ఏళ్ళ సంగతి. "నా వయసువాళ్ళకు ఇళ్ళు, పిల్లలు, ప్రమోషన్లు. నాకు సున్నా" అన్నావు. సున్నా కాదు. పండగ రోజుల్లో అయిదారు వందలమందికి వంటలు దగ్గరుండి చేయించావు. సరుకుల లెక్కలు రాశావు. తమిళం, హిందీ ధారాళంగా మాట్లాడతావు. చావింట్లో ఎలా మెలగాలో నీకు తెలిసినట్టు నీ ఈడువాళ్ళెవరికీ తెలీదు. అవి ఆశ్రమం నీకిచ్చిన ప్రసాదాలు కావు, నీ కష్టంతో నువ్వు సంపాదించుకున్నవి. ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఒక స్వచ్ఛంద సంస్థలో వంటశాల, సరుకుల లెక్కలు చూశాను" అని చెప్పు. అబద్ధం లేదు, అంతకు మించి చెప్పాల్సిన పనీ లేదు. ఆగిన డిగ్రీ ఇగ్నోలో చదువుకోవచ్చు, దానికి వయసు అడ్డం కాదు. అక్కడి స్నేహాలూ అబద్ధాలు కావు. నీతో పాటు గిన్నెలు తోముతూ పాటలు పాడిన పిల్లలు నిన్ను నిజంగానే ప్రేమించారు. ఇప్పుడు నువ్వెదురైతే తల తిప్పుకుంటున్నారంటే, వాళ్ళకు అలా చెప్పారు కాబట్టి. ఏదో ఒకరోజు అందులో ఒకరు నీ తలుపు కొట్టొచ్చు. ఆ రోజు "నేనప్పుడే చెప్పాను" అనకుండా అన్నం పెట్టు.

చుట్టాలు ఈ మధ్య నీతో అంటున్నది అదే మాట కదా, "మేమప్పుడే చెప్పాం". పెళ్ళిళ్ళలో పేరంటాల్లో చుట్టూ మూగి "లోపల ఏం జరిగేదే" అని ఆరా తీస్తారు. వాళ్ళకు వినోదం, నీకు పుండు. "అక్కడ కొన్నాళ్ళున్నాను, కుదరలేదు, వచ్చేశాను" అని చెప్పి, వాళ్ళ పిల్లల చదువుల మాట ఎత్తు. గంటదాకా వాళ్ళే మాట్లాడతారు.

ఇక మీ అమ్మ.

దీని గురించి నువ్వు ఒక్కసారే అడిగి, మళ్ళీ మాట మార్చేశావు. ఆవిణ్ణి ఆశ్రమంలోనే వదిలేసి వచ్చానన్న బాధ నిన్ను తొలిచేస్తోందని తెలుసు. అమెరికాలో జిమ్ జోన్స్ అనే ఆయన పీపుల్స్ టెంపుల్ అని ఒక గుంపును నడిపాడు. ఆ గుంపు తరలివెళ్ళిన గయానా అడవుల్లో 1978 నవంబరు 18న తొమ్మిది వందలమందికి పైగా అక్కడ చచ్చిపోయారు. నల్లా తెల్లా భేదం లేని లోకం కోసమని చేరినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఆ ఘోరానికి ఆర్నెల్ల ముందు, మే నెలలో, డెబొరా లేటన్ అనే అమ్మాయి తప్పించుకుని వచ్చింది. తల్లి క్యాన్సర్‌తో అక్కడే ఉంది. జూన్‌లో లోపలి సంగతులన్నీ ప్రమాణపత్రంగా రాసిచ్చింది. తల్లి ఆ నవంబరు ఘోరానికి కొద్దిరోజుల ముందు అక్కడే కన్నుమూసింది. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ ఆశ్రమానికీ దానికీ పోలిక తేవడం లేదు. కూతురు బయటికి రావడం తల్లిని వదిలెయ్యడం కాదని చెప్పడానికి చెబుతున్నాను. ఆ అమ్మాయి బయట ఉండబట్టే లోపలివాళ్ళ తరఫున ఒక గొంతు వినపడింది.

మీ అమ్మతో మాత్రం వాదించకు. 1954 డిసెంబరు 21న ప్రళయం వస్తుందని షికాగో దగ్గర ఒక చిన్న గుంపు నమ్మింది. లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు ఆ గుంపును దగ్గరనుంచి చూసి 1956లో పుస్తకం రాశారు. ప్రళయం రాలేదు. కానీ ఉద్యోగాలూ ఆస్తులూ వదులుకుని కూర్చున్నవాళ్ళలో కొందరి నమ్మకం ఇంకా గట్టిపడిందని వాళ్ళన్నారు. ఆ పుస్తకం మీద తర్వాత విమర్శలొచ్చాయి, కానీ ఈ ఒక్క మాట ప్లీడరుగా నా కోర్టు అనుభవంతో సరిపోతుంది. గట్టు తగాదాలో ఎక్కువ పోగొట్టుకున్నవాడే రాజీకి ఆఖరున వస్తాడు. మీ అమ్మ ఏం పెట్టిందో చూడు. నగలు పెట్టింది, మొగుణ్ణి దూరం చేసుకుంది. అన్నిటికంటే, పోయిన కొడుకు క్షేమంగా ఉన్నాడన్న మాటను అక్కడ దాచుకుంది. గురువుగారు అబద్ధమని నువ్వు నిరూపించిన క్షణం ఆవిడకు కొడుకు రెండోసారి పోయినట్టవుతుంది. అందుకే తలుపేసుకుంటుంది.

అందుకని సిద్ధాంతం జోలికి వెళ్ళకు. ఫోన్ ఎత్తితే మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడుగు. గోంగూర పచ్చడి కొలతలు అడుగు, నిజంగా చెయ్యి. ఎత్తకపోతే నెలకో ఉత్తరం ముక్క రాయి, ఎవరు చదివినా పరవాలేదనుకునేలా రాయి. తమ్ముడి పుట్టినరోజున వాడి మాటలు మాట్లాడు, వాడి అల్లరి, వాడి క్రికెట్ బ్యాటు. వాణ్ణి తలుచుకోవడానికి ఆశ్రమం ఒక్కటే దారి కాదని ఆవిడకు అలా తెలియాలి. వస్తుందో రాదో నేను చెప్పలేను. నిన్ను శపించిన రోజున మాత్రం ఫోన్ పెట్టెయ్యి. తల్లయినా సరే, ఆ మాటలు వింటూ నిలబడాల్సిన బాకీ నీకు లేదు. మీ నాన్న దగ్గరికి ఆదివారాలు వెళ్తున్నావని విన్నాను. ఇద్దరూ మౌనంగా టీవీ చూసినా సరే, వెళ్తూ ఉండు. మీ నాన్నకు మాటలు రావు కానీ, నువ్వొచ్చే రోజున పొద్దున్నే వెళ్ళి చేపలు తెస్తున్నాడట.

ఆఖరుగా మీ ప్లీడరత్త మాట. కాగితాలు.

అమ్మమ్మ నీకిచ్చిన స్థలాన్ని ఆశ్రమం పేర గిఫ్ట్ డీడ్ రాసిచ్చావు. "ఇష్టపడే ఇచ్చాను కదత్తా" అంటున్నావు. చట్టం అంత తేలిగ్గా వదలదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఒకరి మనసు మీద పట్టున్నవాళ్ళు ఆ పట్టును వాడుకుని అన్యాయంగా లాభం పొందితే దాన్ని అనుచిత ప్రభావం అంటారు. పరలోకంలో ఆత్మకు మేలు జరుగుతుందని నమ్మి ఒక పెద్దాయన గురువుకు ఆస్తి రాసిచ్చిన కేసులో, 1890 ప్రాంతంలోనే అలహాబాద్ హైకోర్టు ఆ దానం చెల్లదంది. ఇంగ్లండులో అల్‌కార్డ్ అనే ఆవిడ కథ ఇంకా పనికొస్తుంది నీకు. క్రైస్తవ సన్యాసినుల మఠంలో చేరి ఆస్తి మఠానికిచ్చింది. పెద్దమ్మగారి అనుమతి లేకుండా బయటివాళ్ళను సలహా అడగకూడదన్నది అక్కడి నియమం. 1879లో బయటికొచ్చింది. 1885లో గానీ దావా వెయ్యలేదు. ఆ దానం అనుచిత ప్రభావంతో జరిగిందేనని 1887లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది, అయినా ఆలస్యం చేసిందని దావా కొట్టేసింది. మన దగ్గర దస్తావేజు రద్దుకు, దావాకు కారణమైన సంగతులు తెలిసినప్పట్నుంచి మూడేళ్ళు గడువు. ఎప్పట్నుంచి తెలిసినట్టు అనేదాని మీదే సగం వాదన నడుస్తుంది. కనుక కూర్చోకు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించు, దస్తావేజు నకలు తెచ్చుకో. నన్ను కాకుండా వేరే ప్లీడర్ని చూసుకో. సొంత మేనకోడలి కేసులో నా బుర్ర సరిగా పనిచెయ్యదు. ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఆధార్‌లో చిరునామా, బ్యాంకు ఖాతాకున్న ఫోన్ నంబరు ఈ వారమే మార్పించు. పదో తరగతి సర్టిఫికెట్టు ఇవ్వమని ఆశ్రమాన్ని లిఖితపూర్వకంగా అడుగు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. ఇవ్వకపోతే నకలుకు బోర్డులో దరఖాస్తు చేసుకోవచ్చు. దావా వెయ్యాలా వద్దా అన్నది మాత్రం నువ్వే తేల్చుకోవాలి. స్థలం పోయినా పరవాలేదు, వాళ్ళ మొహం చూడలేనంటే అదీ నిర్ణయమే. గడువు దాటిపోయి, ఇక చేసేదేమీ లేదన్న స్థితికి వచ్చి ఊరుకోవడం మాత్రం నిర్ణయం కాదు.

కాబట్టి కాగితాలూ నిద్రా, ఈ రెండూ వాయిదా వెయ్యకు. మిగతావాటికి నీకు బోలెడంత కాలం ఉంది. నేను రాసినవాటిలో కొన్ని నీకు పొసగకపోవచ్చు. అప్పుడు "సరే అత్తా" అని తలూపకు. ఫలానా చోట నువ్వు చెప్పింది తప్పని ఫోన్ చేసి చెప్పు. ఎదురువాదన వింటూ బతికినదాన్ని, పడుకోబోతున్నా లేచి కూర్చుంటాను.

మీ అత్త
గుంటూరు